పొరల మధ్య పన్నెండు

జూన్ 3

పొరలాయన ఇవాళ కూడా వచ్చాడు. సంచీ నిండా పళ్ళు తెచ్చాడు. మనిషిని మంచాన పడేసి పళ్ళు తేవడం ఏం మర్యాదో నాకు అర్థం కాదు. గుమ్మంలో నిలబడి "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగాడు. నేను బాగానే ఉన్నాను, మీ పుణ్యమా అని లోపలాయనకే తుంటి విరిగింది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. "రండి, కూర్చోండి" అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఒళ్ళు మండినప్పుడు మొదటి నుంచీ రాసుకుంటే నాకు కొంచెం చల్లారుతుంది. అందుకని మళ్ళీ రాస్తున్నాను.

ఆయన విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసరు. మా సైన్సు మ్యూజియంలో కొత్త హాలుకి సలహాదారుగా వచ్చాడు. మనమున్న విశ్వమంతా ఒక పల్చటి పొర అనీ, దాని పక్కనే ఇంకో పొర, అందులో ఇంకో విశ్వం ఉండొచ్చనీ మొదటి రోజే గంటసేపు చెప్పాడు. ఆ సాయంత్రానికల్లా వర్క్‌షాపులో పొరలాయన అయిపోయాడు. పేరు పెట్టింది మా ఆయనే. అందరికంటే శ్రద్ధగా విన్నదీ ఆయనే.

ఆ రెండు పొరల్నీ హాల్లో చూపించాలి. గోడంత వెడల్పున్న రెండు పారదర్శకమైన ఫిల్ముల్ని ఇనప చట్రాల్లో బిగించి పక్కపక్కన నిలబెట్టాలి. వాటి మీద చుక్కలు, చుక్కల మీద దీపాలు. రెండిటి మధ్యా సందు ఎంత ఉండాలో డ్రాయింగులో పొరలాయన 12 అని రాశాడు. పన్నెండు ఏమిటి? రాయలేదు. మా దగ్గర అంకె పక్కన ఏమీ లేకపోతే అవి మిల్లీమీటర్లే, కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. ఆయన మనసులో ఉన్నవి సెంటీమీటర్లట. జన్మంతా నల్లబల్ల మీద సెంటీమీటర్లలో గీసుకున్న మనిషి మరి.

చట్రాల పని మా ఆయనది. డ్రాయింగు నేరుగా ఆయన దగ్గరికే వెళ్ళింది. నమూనాల విభాగానికి, అంటే నా దగ్గరికి, రానే లేదు. ఆయన పన్నెండు మిల్లీమీటర్ల సందుతో బిగించాడు. ఫ్యాను వేయగానే రెండు ఫిల్ములూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. విడదీయడానికి నిచ్చెన ఎక్కాడు. నడుముకి బెల్టు కట్టుకోలేదు, రెండు నిమిషాల పని అన్నాడు. పడ్డాడు. తుంటి విరిగింది, లోపల కడ్డీ వేశారు.

నాకు మా ఆయన మీద కోపం లేదు. పడ్డ మనిషి మీద ఎవరికైనా కోపం ఉంటుందా? నా కోపమంతా ఆ అంకె పక్కన రాయని ఒక్క మాట మీద.

జూన్ 4

ఆ పళ్ళు చచ్చినా ముట్టుకోకూడదనుకున్నాను. రెండు తిన్నాను. తియ్యగా ఉన్నాయి, అదొక మంట.

జూన్ 6

ఫిజియో అమ్మాయి వచ్చింది. మనిషి పిడికెడు, గొంతు మాత్రం పక్కింటిదాకా వినిపిస్తుంది. ఎక్స్‌రే కిటికీ వెలుతురులో పెట్టి చూసి, "ఎముక అతుక్కుంది సార్. ఇంక కాలు మీద బరువు వేయొచ్చు. ముందు బొటనవేలు కొంచెం పైకెత్తండి చూద్దాం" అంది.

మా ఆయన నవ్వాడు. అది నవ్వు కాదు, నాకు తెలుసు. "బొటనవేలా? నేను షెడ్ల కప్పుల మీద నడిచినవాణ్ణి తల్లీ."

"సరే, అయితే లేచి నిలబడండి."

"రేపు చూద్దాంలే."

రేపు అన్న మాట ఈ అమ్మాయి వచ్చిన ప్రతిసారీ వింటున్నాను. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నన్ను బయటికి పిలిచింది. ఉన్నట్టుండి గొంతు తగ్గించింది, నాకు అదే భయమేసింది.

"కండ కరిగిపోతోంది మేడమ్. ఈ నెలలో లేవాలి. ఇప్పుడు లేవకపోతే తర్వాత ఆయనే లేద్దామనుకున్నా కాలు మాట వినదు. నొప్పి కాదు అడ్డం. మనసు పెట్టట్లేదు."

లోపలికి వెళ్ళి అడిగాను. ఎందుకు లేవరు అని.

మా ఆయన తాపీగా చెప్పాడు. "పక్క పొరలో ఇంకో నేను ఉంటానుగా. వాడు ఆ రోజు బెల్టు కట్టుకున్నాడు. పడలేదు. హాయిగా తిరుగుతున్నాడు. అంత పెద్ద లెక్కలో ఇక్కడ ఒకడు పడుకుంటే ఏం కొంప మునిగిపోయింది?"

"ఆ ఇంకొకాయనకి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

"వాడే చేసుకుంటాడు."

"మరి అక్కడి నేను ఏం చేస్తోంది? కాళ్ళు చాపుకుని కూర్చుందా? ఒక్కసారి ఇటు పంపించండి. ఈ దుప్పట్లు ఉతికేసి పోతుంది, నాకు నడుం పడిపోతోంది."

గుమ్మంలోంచి అత్తయ్య తల పెట్టింది. "ఒరేయ్, ఆ లోకంలో నా మోకాళ్ళు ఎలా ఉంటాయంటావు?"

"బాగుంటాయమ్మా."

"అయితే నేను మేడ మీదే ఉండుంటాను. కింద ఇల్లు నాకెప్పుడూ ఇష్టం లేదు" అని సంబరపడింది. ఆవిడకి అక్కడ గాలి కూడా బాగా వస్తుందట. తల్లీకొడుకులు ఇద్దరూ కలిసి ఆ పక్క లోకంలో ఇల్లు సర్దుకుంటున్నారు. ఈ లోకంలో మంచం కింద నీళ్ళు తుడుస్తున్నది నేనొక్కదాన్నే.

పడ్డప్పటి నుంచీ మా ఆయన నన్ను మేస్త్రీ అని పిలవలేదు. పెళ్ళికి ముందు వర్క్‌షాపులో ఎగతాళికి మొదలుపెట్టిన పేరు. గుర్తొచ్చింది, రాశాను.

జూన్ 9

మధ్యాహ్నం, వర్క్‌షాపులో. జిగురు ఆరేలోపు రాస్తున్నాను, లేకపోతే ఎవర్నో ఒకర్ని కొడతాను.

మా విభాగంలో ఒక నియమం ఉంది, నేను చేరకముందు నుంచీ ఉంది. స్కేలు రాయకుండా, స్కేలు మనిషిని నిలబెట్టకుండా ఏ నమూనా గడప దాటదు. ఓడైనా, అగ్నిపర్వతమైనా, పక్కన ఒక బుల్లి మనిషి ఉండాల్సిందే. వాణ్ణి చూస్తేగానీ అది ఎంత పెద్దదో జనానికి తెలియదు. చీమని మేకంత చేసినప్పుడు బుల్లి మనిషి పనికిరాడని, పక్కన తల వెంట్రుకని తాడంత లావున చేసి పెట్టాను. ఎలాగోలా మనిషి గుర్తు ఉండాలి. అది మా పద్ధతి.

ఇవాళ పొరలాయన వచ్చి, "పొరల దగ్గర మనిషిని పెట్టకండమ్మా. స్కేలు కూడా రాయకండి" అన్నాడు.

"ఎందుకు రాయకూడదు?"

"రాస్తే అబద్ధం అవుతుంది. మన పొర పొడవు ఎంతో చెప్పలేం, అంత పెద్దది. మధ్య సందు మాత్రం వెంట్రుక మందం కన్నా తక్కువైనా కావచ్చు. ఒకే స్కేలులో రెండూ ఇమడవు. పైగా అటువైపు చిన్నా పెద్దా అన్న మాటలకి మన అర్థమే ఉంటుందని ఏముంది?"

"చెప్పలేం, కావచ్చు, ఏముంది. ఈ మూడూ నేను బోర్డు మీద రాస్తే నన్ను ఇంటికి పంపిస్తారు. అయినా వెంట్రుకంత సందుకి ఇంత హాలు ఎందుకండీ? అంత చిన్నదాంతో ఎవరికేం పని?"

నా బల్ల మీద అయస్కాంతం ఉంటుంది, కింద పడ్డ మరమేకులు ఏరడానికి. దాన్ని తీసుకుని పళ్ళెంలోంచి ఒక మరమేకుని పైకి లేపాడు. "దీన్ని కిందికి లాగుతున్నది భూమి మొత్తం. పైకి లాగుతున్నది ఈ ముక్క. ముక్కే గెలిచింది. భూమి లాగుడు ఎందుకింత బలహీనంగా ఉంది? ఆ చిన్న సందులోకి అది కొంత కారిపోతోందేమోనని మా అనుమానం. వెలుతురు మన పొర దాటి పోలేదు. ఆ లాగుడు ఒక్కటే పోగలదు. చిన్న సందు కదా అని వదిలేస్తే మొత్తం లెక్క తప్పుతుందమ్మా."

నాకు నచ్చింది. నచ్చినందుకు ఇంకా మండింది. మరమేకు ఆయన చేతిలోంచి లాక్కుని పళ్ళెంలో పడేశాను.

అప్పుడే డైరెక్టరు వచ్చాడు. నెలాఖరులో హాలు తెరవాలట, పెద్దవాళ్ళెవరో వస్తారట, కొత్త చట్రాలు మిగతా ఫిట్టర్లు చేసేస్తారట. పోతూ పోతూ నన్ను ఓదార్చాడు కూడా. "మీవారు పడింది చిన్న ఎత్తు నుంచే కదమ్మా, పెద్దగా ఏం కాదు. ఇట్టే లేచి తిరుగుతారు."

"ఎంత ఎత్తు నుంచి పడితే మీకు పెద్దగా అయినట్టు సార్?" అన్నాను.

చేతి గడియారం చూసుకున్నాడు. పొరలాయన నేల చూశాడు.

ఒకాయనకి లోకం మరీ పెద్దది, ఇంకొకాయనకి ఎత్తు మరీ చిన్నది. నా మొగుడి తుంటి మాత్రం ఇద్దరి కొలబద్దలకీ అందలేదు. జిగురు గట్టిపడిపోయింది. మళ్ళీ కలపాలి.

జూన్ 10

నాకు మా ఆయన మీద కోపం లేదు. లేదంటే లేదు.

జూన్ 13

కడిగేశాను. పొరలాయన సాయంత్రం సంచీతో వాకిలి మెట్లెక్కుతుంటే సగంలోనే ఆపి, మొహం మీదే అడిగేశాను.

"మీ కథలు విని ఆయన మంచం దిగట్లేదు. పక్క లోకంలో ఇంకో ఆయన తిరుగుతున్నాడట, ఇంక ఈయన తిరగక్కర్లేదట. ఈ నెల దాటితే కాలు పోతుందని ఫిజియో అమ్మాయి చెప్తోంది. అప్పుడు ఏ పొరలోంచి కాలు తెచ్చిపెడతారు మీరు?"

ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఇంకో ఆయన ఉన్నాడని నేను ఎప్పుడూ చెప్పలేదమ్మా."

"అబద్ధాలు ఆడకండి."

"నిజం. లెక్కలేనన్ని విశ్వాలు, వాటిలో మనలాంటి మనుషులు అన్నది వేరేవాళ్ళ ఊహ. నాది వేరు. నా పక్క పొరలో అసలు అణువులైనా ఉన్నాయో లేదో నాకు తెలీదు. తుంటి ఉంటుందని ఎలా చెప్తాను?"

"మరి ఆయన చెప్తుంటే కాదని ఎందుకు అనలేదు? తలూపుతూ కూర్చున్నారుగా, నేను చూశాను."

చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అన్నాడు. "నేను వచ్చిన మొదట్లో ఆయన నావైపు చూసేవాడు కాదు. ఈ పొరల మాట ఎత్తినప్పుడే చూస్తాడు. పన్నెండు పక్కన ఒక్క మాట రాసి ఉంటే ఆయన లేచి తిరిగేవాడు. అది నేను రాయలేదు. ఇప్పుడు ఇది కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదమ్మా."

ఇన్నాళ్ళుగా మనసులో నూరి పెట్టుకున్న తిట్లున్నాయి నా దగ్గర. మంచి మంచివి. ఒక్కటీ వాడలేకపోయాను. ఏడ్చే మనిషిని తిట్టడం రాదు నాకు, మా అమ్మ నేర్పలేదు. "పళ్ళు ఇటివ్వండి" అని సంచీ లాక్కుని లోపలికి వచ్చేశాను.

జూన్ 14

ఇవాళ నాకు సెలవు. అత్తయ్య గుమ్మంలో కూర్చుని దువ్వుకుంటోంది. నేను మా ఆయన మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"పక్క పొరలో ఇంకో మీరు ఉన్నారని పొరలాయన చెప్పలేదట."

"నాకు తెలుసు" అన్నాడు.

"తెలుసా?"

"అది వేరే, ఇది వేరే అని మొదట్లోనే చెప్పాడు. వినడానికి బాగుందని నేనే కలుపుకున్నా."

నా చేతిలో గ్లాసు ఉంది. బల్ల మీద పెట్టాను, చేతిలో ఉంటే మంచిది కాదని. అప్పుడు నా నోటికి ఇంకో ప్రశ్న వచ్చింది. ఇన్నాళ్ళూ అడగలేదు. ఎందుకు అడగలేదో ఇప్పుడు తెలుస్తోంది.

"డ్రాయింగులో పన్నెండు చూసినప్పుడు మీకు అనుమానం రాలేదా?"

కిటికీవైపు చూశాడు. "వచ్చింది."

"వస్తే?"

"గోడంత ఫిల్ములకి వేలు పట్టని సందేంటి, అతుక్కుంటాయి కదా అనుకున్నా. అడుగుదామని ఫోను కూడా తీశా. కానీ ముందు రోజే కదా ఆయన చెప్పింది, మధ్య దూరం వెంట్రుక కన్నా తక్కువైనా కావచ్చని. దాంతో చూస్తే పన్నెండు మిల్లీమీటర్లు బోలెడు. చూసేవాళ్ళ కోసం కాస్త పెంచి గీశాడు కాబోలు అనుకున్నా. అంత పెద్ద సంగతులు చెప్పే మనిషిని ఇంత చిన్న ప్రశ్న అడిగితే నవ్వుతాడేమోనని ఊరుకున్నా."

నాకు మొదట నవ్వొచ్చింది. విశ్వం కొలత తీసుకొచ్చి బొమ్మకి తగిలించాడు మహానుభావుడు! ఆ పాఠం వినని ఫిట్టరు ఎవడైనా అయితే ఇదేం సందు అని మొదటి క్షణమే అడిగేవాడు. శ్రద్ధగా విన్నందుకు ఈయన పడ్డాడు.

ఆ తర్వాత నవ్వు పోయింది. కోపం తలకెక్కితే నాకు మీరు కాస్తా నువ్వు అయిపోతుంది.

"కుర్చీ కాలి కొలత పక్కన మాట లేకపోతే ఫిట్టర్లని నిలబెట్టి కడిగేసేవాడివి కదా! అడిగితే నోటి ముత్యాలు రాలతాయా అనేవాడివి కదా! నీ నోటికి ఆ రోజు ఏమైంది? పెద్దమనిషి నవ్వుతాడని నా బతుకు మీదికి తెచ్చావా? బెల్టు ఎందుకు కట్టుకోలేదు? అది కూడా ఆయనే చెప్పాడా?"

"చిన్న ఎత్తే కదా అనుకున్నా."

"ఆ చిన్న అనే మాట ఇంకోసారి ఈ ఇంట్లో వినబడితే ఊరుకోను. చిన్న ప్రశ్న, అడగవు. చిన్న ఎత్తు, బెల్టు కట్టవు. బొటనవేలు ఎత్తమంటే చిన్న పని, నవ్వుతావు. నీకు తగినంత పెద్దది ఏది దొరుకుతుందని నేను ఎదురుచూడాలి? మంచానికీ నేలకీ మధ్య ఉన్న ఎత్తు నీకు కనబడట్లేదా?"

"కనబడుతోంది" అన్నాడు. గొంతు మారింది. "అదొక్కటే కనబడుతోంది. ఇక్కణ్ణుంచి కిందికి చూస్తే కాళ్ళు చల్లబడిపోతున్నాయి. కప్పు మీద ఎప్పుడూ ఇలా లేదు నాకు. నీకు చెప్పుకోవడానికి సిగ్గేసింది."

వేరే ఏ ఆడదైనా అక్కడ కరిగిపోయేది. నేను వెళ్ళి బకెట్టు, సబ్బు, తువాలు తెచ్చి, స్టూలు మీద మంచానికి కొంచెం దూరంగా పెట్టాను. "స్నానం నువ్వే చేసుకో. కావాలంటే ఆ ఇంకొకణ్ణి పిలుచుకో" అని బయటికొచ్చేశాను. గుమ్మంలో అత్తయ్య దువ్వెన పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది.

ఇప్పుడు నిజం రాస్తాను. కోపం మా ఆయన మీదే. పడ్డ రోజు నుంచీ ఆయన మీదే. ఆ పన్నెండు మీద కాదు, పొరలాయన మీద కాదు. నన్ను అడగకుండా పడ్డాడు, నాకు చెప్పకుండా భయపడ్డాడు, నన్ను వదిలేసి ఎక్కడో బాగా ఉన్నానని చెప్పుకుంటున్నాడు. ఎక్కడో బాగున్నవాడితో నాకేం పని? నాకు ఈయన కావాలి.

జూన్ 15

మాటల్లేవు. ఆయనా అంతే, నేనూ అంతే.

జూన్ 17

మాటలు అత్తయ్య మోస్తోంది. వంటింట్లోంచి గదికీ, గదిలోంచి వంటింటికీ. మోకాళ్ళ నొప్పులు ఏమయ్యాయో తెలియదు. ఉన్నమాట ఉన్నట్టు చేరవేస్తే బాగుండును, మధ్యలో ఆవిడ మార్చేస్తుంది. "మందు వేసుకున్నాడో లేదో కనుక్కోండి" అని నేనంటే, అక్కడికి వెళ్ళి "అమ్మాయి నీ గురించి బెంగ పెట్టుకుందిరా" అని చెప్పింది. గోడ ఇవతల నుంచి అంతా వినబడుతోంది నాకు.

"నేను అలా అనలేదు" అని అరిచాను.

"నువ్వు అన్నదాన్నే నేను విప్పి చెప్పానే" అంది ఆవిడ.

కొత్త చట్రాలు వచ్చాయి. సందు పన్నెండు సెంటీమీటర్లు. నేనే కొలిచాను, మళ్ళీ కొలిచాను.

జూన్ 18

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చాను. గదిలో ఏదో దభీమని పడింది. నేను వెళ్ళలేదు. సింకు దగ్గర గిన్నె తోముతూ నిలబడ్డాను. ఎంతసేపైనా అదే గిన్నె.

అత్తయ్య వచ్చి, "పడింది స్టూలే, వాడు కాదు" అంది.

"నేను అడగలేదు" అన్నాను.

"నేను నీకు చెప్పలేదు, ఊరికే అనుకుంటున్నా" అంది.

జూన్ 19

మళ్ళీ చప్పుడు. ఇవాళ కొంచెం మెల్లగా. నేను అడగలేదు.

జూన్ 21

ఇవాళ్టిది పూర్తిగా రాయాలి.

ఫిల్ములు నిన్న బిగించారు. అతుక్కోలేదు, బాగానే నిలబడ్డాయి. కానీ ముందు ఫిల్ము మీద ఒక మూల ముడత. దీపాలు వేస్తే చుక్కలన్నీ అక్కడ కుప్ప పడుతున్నాయి. ఫిట్టర్లు ఒక బోల్టు బిగిస్తే ముడత పక్కకి జరుగుతుంది. ఆ పక్కది బిగిస్తే మళ్ళీ మొదటి చోటికే వస్తుంది. పొద్దున్న అత్తయ్యతో ఈ సంగతే చెప్పి విసుక్కుని వచ్చాను.

డైరెక్టరు కొద్దిసేపు చూసి, "అంత చిన్న ముడత ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు.

"నేను చూస్తాను సార్."

"జనం చూడరు."

"జనం కూడా చూస్తారు. ఏంటో తెలియక, ఏదో బాగాలేదని మాత్రం అనుకుని పోతారు."

ఈ వాదన మధ్యలో హాలు తలుపు దగ్గర చక్రాల చప్పుడు. తిరిగి చూస్తే చక్రాల కుర్చీలో మా ఆయన. తోస్తున్నది పొరలాయన. వెనకాల చేతిసంచీ పట్టుకుని అత్తయ్య, పెళ్ళికి వచ్చినంత దర్జాగా.

"ముడత సంగతి మావాడికి చెప్పాను. చెప్పినప్పటి నుంచీ మంచం మీద నిమిషం ఆగితే ఒట్టు. అందుకని ఈ ప్రొఫెసరుగారికి ఫోను చేశా, కారు ఉందిగా" అంది అత్తయ్య నాతో. ఈసారి ఏ మాటా మార్చినట్టు లేదు.

మా ఆయన నావైపు చూడలేదు. నేనూ చూడలేదు, పక్క నుంచి చూశాను. కుర్చీని ఫిల్ము దగ్గరికి పోనిచ్చి గోటితో మీటాడు. చెవి దానికి ఆనించి విన్నాడు. ఇంకోచోట మీటాడు. ఎన్నాళ్ళ తర్వాతో ఆ మొహం చూశాను, పనిలో ఉన్నప్పటి మొహం. "మీరు బిగిస్తున్నది కాదు. ఎదుటి మూలది ఎక్కువ బిగిసింది. దాన్ని వదలాలి" అన్నాడు.

ఒక ఫిట్టరు ముందుకొచ్చాడు. "ఎంత వదలాలో చెప్పండన్నా, నేను చేస్తాను."

"చెప్తే తెలిసేది కాదు. చేతికి తెలియాలి."

కుర్చీలోంచి చెయ్యి చాపాడు. అందలేదు. జానెడు తక్కువయింది. మళ్ళీ చాపాడు, నడుము సాగదీసి చాపాడు. ఆ జానెడు అలాగే ఉంది. అందరూ చూస్తున్నారు.

"వద్దులెండి, కుర్రాళ్ళు చూసుకుంటారు" అన్నాడు డైరెక్టరు.

మా ఆయన చక్రాలకి బ్రేకు వేశాడు. ఒక కాలు నేల మీద పెట్టాడు. రెండో కాలు చేత్తో ఎత్తి పెట్టుకున్నాడు. పొరలాయన పట్టుకోబోయాడు. నేను ఆయన చొక్కా చెయ్యి పట్టి వెనక్కి లాగాను. అప్పుడు మా ఆయన నావైపు చూశాడు. నేను ఫిల్మునే చూస్తున్నట్టు నిలబడ్డాను. పట్టుకో అని అడిగి ఉంటే వెళ్ళేదాన్ని. ఏమో, కోపంతో వెళ్ళకపోదును కూడా. ఆయన అడగలేదు.

చట్రం పట్టుకుని లేచాడు. సగం లేచి ఆగాడు. కాళ్ళు వణికాయి, ఆ వణుకు చట్రంలోకి పోయి ఫిల్ము మీది చుక్కలన్నీ కదిలాయి. నుదుటి మీద చెమట. ఈ మనిషి కప్పుల మీద ఈల వేసుకుంటూ నడిచేవాడు. నేను గోళ్ళు అరచేతిలో గుచ్చుకున్నాను, పడితే చంపేస్తాను అని మనసులో అనుకుంటూ. అత్తయ్య పెదవులు కదులుతున్నాయి. తిడుతోందో దండం పెడుతోందో తెలియలేదు.

నిలబడ్డాడు.

ఒక చేత్తో చట్రం పట్టుకుని, రెండో చెయ్యి వెనక్కి చాపాడు. నావైపు తిరగలేదు.

"మేస్త్రీ. పదమూడు."

స్పానర్లన్నీ నా పక్క బల్ల మీదే ఉన్నాయి. పదమూడో నంబరుది నా చేతికి దగ్గర్లోనే ఉంది. కానీ నా నోరు ఊరుకోలేదు.

"పదమూడు ఏమిటి? పక్కన ఆ మాట కూడా చెప్పండి."

ఆయన వీపు కదిలింది. నవ్వుతున్నాడని అప్పుడు తెలిసింది.

"మిల్లీమీటర్లు. పదమూడు మిల్లీమీటర్ల స్పానరు, మేస్త్రీ. దయచేసి తొందరగా, కాళ్ళు పోతున్నాయి."

ఇచ్చాను. బోల్టుని కొద్దిగా వదిలాడు, గోటితో మీటాడు, ఇంకొంచెం వదిలాడు. ముడత పోయింది. చుక్కలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. కుర్చీలోకి కూలబడ్డాక ఆ స్పానరు చాలాసేపు వదల్లేదు. పొరలాయన గోడవైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. నేను కళ్ళద్దాలు పెట్టుకోను, అందుకని జిగురు కలపడానికి వర్క్‌షాపుకి పోయాను. కలపాల్సిన జిగురేమీ లేదు.

జూన్ 22

బోర్డు నేనే రాశాను. "ఈ నమూనాలో రెండు పొరల మధ్య దూరం పన్నెండు సెంటీమీటర్లు. నిజంగా ఎంతో ఇంకా ఎవరికీ తెలియదు." అంకెలు వాడలేదు, ప్రతి మాటా అక్షరాల్లో రాశాను. పొరలాయన చదివి, "ఇది అబద్ధం కాదు" అన్నాడు. స్కేలు మనిషి గురించి కూడా రాజీపడ్డాం. బొమ్మ మనిషిని పెట్టలేదు. ఫిల్ముల ముందు నేల మీద రెండు పాదాల గుర్తులు వేశాను. వచ్చినవాళ్ళు వాటి మీద నిలబడి చూస్తారు. మా ఆయన చెప్పులే పెట్టి గీశాను. ఆయనకి చెప్పలేదు.

పళ్ళు ఇంక తేవద్దని పొరలాయనకి చెప్పాను. ఊరికే రమ్మన్నాను.

నా కోపం తగ్గలేదు. తగ్గిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. సాయంత్రం ఫిజియో అమ్మాయి లేవమంటే మా ఆయన మళ్ళీ రేపు అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఎక్కడ లేని ఊపూ వచ్చింది. అడగని ప్రశ్న దగ్గర మొదలుపెట్టి, కట్టని బెల్టు మీదుగా, చెప్పని భయం దాకా, ఒక్కటీ వదలకుండా మొదటి నుంచీ తిట్టాను. ఆ పిల్ల గొంతు కూడా నా గొంతు ముందు తేలిపోయింది.

మా ఆయన మంచం అంచు పట్టుకుని లేచాడు. తిట్లన్నీ నిలబడే తిన్నాడు.